చిన్న పోస్టు, నిండు విషయం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సామాజిక మాధ్యమాల్లో పొట్టిగా, పట్టుగా రాయడం ఎలాగన్న విషయం మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. వచ్చినవాటిలో ఒకే తీరువాటిని కలిపి, కొన్నింటికి వివరంగానూ కొన్నింటికి క్లుప్తంగానూ ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది చేనేత కుటుంబం. మా మామగారూ మావారూ మగ్గం మీద కూర్చుంటారు. నేను ఏడాదిగా ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ చీరల ఫొటోలు పెడుతున్నాను. "సరికొత్త డిజైన్లు, అద్భుతమైన నాణ్యత, ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" అని రాస్తాను. లైకులు వస్తాయి, "సూపర్ అక్కా" అని కామెంట్లు వస్తాయి. కొనేవారు మాత్రం రావడం లేదు. ఏం రాయాలి?
— ఒక గృహిణి, మంగళగిరి

జవాబు: మీరు రాసిన మూడు ముక్కల్లో ఒక్కటి కూడా మీ చీర గురించి చెప్పడం లేదు. "సరికొత్త", "అద్భుతం" అన్న మాటలు మిల్లులో నేసిన చీరకూ అతుకుతాయి, మరో ఊరి దుప్పటికీ అతుకుతాయి. ఏ సరుకుకైనా వాడగలిగిన మాట మీద చదివేవారి కన్ను ఆగదు. మంగళగిరి చీర కొనాలనుకునేవారి మనసులో ఉండే సందేహాలు వేరు. ఇది నిజంగా చేనేతదేనా, పవర్‌లూమ్ మీద నేసి చేనేత అంటున్నారా? నూలు ఎంత సన్నం (దాన్ని కౌంట్ అనే అంకెతో చెబుతారు)? ఉతికితే రంగు దిగుతుందా? జాకెట్టు గుడ్డ కలిసి వస్తుందా? ఎంతకు ఇస్తారు? ఈ సందేహాలకు జవాబు చెప్పే పోస్టు దానంతట అదే పొట్టిగా ఉంటుంది, విశేషణాలకు అందులో చోటే మిగలదు.

ఒక నమూనా చూడండి. వివరాలు మీ చీరకు తగినట్టు మార్చుకోండి.

"మంగళగిరి నూలు చీర. 80 కౌంట్ నూలుతో గుంట మగ్గం మీద మా మామగారు నేసినది. ఆకుపచ్చ ప్లెయిన్ బాడీ, ఎర్రటి నిజాం అంచు. జాకెట్టు గుడ్డ ఉంది. మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో. రూ.1,850, పోస్టేజీ కలిపి. ఈ రంగులో ఒక్కటే ఉంది."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, కానీ కొనేవారు అడగబోయే ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంది. "మా మామగారు నేసినది" అన్న మాటకు విలువ ఎక్కువ. పేరున్న దుకాణం కూడా ఆ మాట రాయలేదు, మీరు రాయగలరు. మొదటి ఉతుకు గురించి ముందే చెప్పడం వల్ల అమ్మకం తగ్గుతుందని భయపడకండి. రంగు సంగతి దాచకుండా చెప్పిన మనిషి మిగతావి కూడా నిజమే చెబుతోందని కొనేవారు అనుకుంటారు.

ధర దాచడం మాత్రం వెంటనే మానేయండి. "ఇన్‌బాక్స్ చేయండి" అన్నప్పుడు చదివేవారికి రెండు అనుమానాలు వస్తాయి: తమను చూసి ధర చెబుతారేమో, ధర అడిగాక కొనకపోతే బాగుండదేమో అని. చాలామంది ఆ మొహమాటంతోనే అడగకుండా వెళ్ళిపోతారు. బజారులో చీర మీద చీటీ చూసి తిరిగి మడత పెట్టే స్వేచ్ఛ వారికి ఉంటుంది, మీ పోస్టు కూడా ఆ స్వేచ్ఛ ఇవ్వాలి. చీర అమ్ముడైన వెంటనే పోస్టును సవరించి, మొదటి మాటగా "అమ్ముడైంది" అని చేర్చండి. అమ్ముడైన పోస్టులు వరుసగా కనిపిస్తే కొత్తవారికి అదే మీ దుకాణం పరపతి.

ఫొటో పగటి వెలుగులో, నీడపట్టున తీయండి. ట్యూబులైటు కింద తీసిన ఆకుపచ్చ ఇంటికి చేరాక నీలంగా కనిపిస్తే తగాదా మిగులుతుంది. వారంలో ఒక్కసారైనా అమ్మకం లేని పోస్టు పెట్టండి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటీ అతికే పనిని పదిహేను సెకన్ల వీడియోగా తీసి, "ఈ అతుకు పని పూర్తి కావడానికి ఇంత సమయం పడుతుంది" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పవర్‌లూమ్ చీరకూ మీ చీరకూ ధరలో తేడా ఎందుకు ఉందో మీరు వాదించకుండానే అర్థమవుతుంది. మీకు చేనేత గుర్తు, అంటే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంటే ఆ చీటీని కూడా ఒక ఫొటోలో చూపించండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిని. బడి విశేషాలు ఎక్స్‌లో తెలుగులో రాస్తుంటాను. ఇంగ్లిష్‌లో రాసే మిత్రులకు సరిపోయే చోటు నాకు సరిపోవడం లేదు. నాలుగు మాటలు రాయగానే హద్దు దాటిపోయిందని చూపిస్తుంది. తెలుగుకు ఎందుకిలా?
— ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు లెక్క సంగతి చూద్దాం. 2006లో ట్విటర్ (ఇప్పటి ఎక్స్) మొదలైనప్పుడు పోస్టులు ఎస్సెమ్మెస్‌ల ద్వారా కూడా తిరగాలన్నది ఆలోచన. ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దు ఉంది కనుక, అందులో 20 రాసినవారి పేరుకు వదిలి, మిగిలిన 140ని పోస్టుకు కేటాయించారు. 2017 నవంబరులో దాన్ని 280 చేశారు. చైనీస్, జపనీస్, కొరియన్ లిపుల్లో ఒక్కో అక్షరాన్ని రెండుగా లెక్కిస్తారు కనుక వారి హద్దు ఇప్పటికీ 140 మీదే ఉంది. తెలుగుకు ఆ నియమం లేదు. మనకు చోటు చాలకపోవడానికి కారణం యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పద్ధతిలో, మన లిపి నిలవ ఉండే తీరు.

మనం ఒక్క అక్షరంగా చూసేది యంత్రానికి ఒక్కటి కాదు. హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు, ఒత్తు రావడానికి మధ్యలో ఉండే పొల్లు వేరు, సున్న వేరు. మీ జిల్లా పేరే తీసుకోండి. "శ్రీకాకుళం" కంటికి నాలుగు అక్షరాలు, లెక్కలో పది. "రాష్ట్రం" కంటికి రెండు, లెక్కలో ఎనిమిది. "స్త్రీ" ఒక్కటే అక్షరం అనుకుంటాం, అది ఆరు. ఎమోజీ ఒక్కటి రెండుగా లెక్కకొస్తుంది, వెబ్ లింకు ఎంత పొడవైనా 23గానే లెక్కకొస్తుంది. కాబట్టి 280లో తెలుగు మాటలు సుమారు ముప్పై పడతాయనుకోండి. ఎస్సెమ్మెస్‌లో మన పరిస్థితి ఇంకా ఇరుకు. ఇంగ్లిష్‌కు 160 దొరికే సందేశంలో తెలుగుకు 70 మాత్రమే దొరుకుతాయి.

డబ్బు కట్టే చందాదారులకు ఎక్స్‌లో ఇప్పుడు చాలా పెద్ద పోస్టులు రాసే వీలుంది. అయినా నా సలహా, ఆ ముప్పై మాటల హద్దులోనే ఉండమని. మీరు పంపిన పోస్టును కిందికి ఎత్తి రాస్తున్నాను.

"మా పాఠశాలలో నిన్నటి రోజున నిర్వహించబడిన విజ్ఞాన ప్రదర్శన కార్యక్రమంలో విద్యార్థినీ విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా పాల్గొని తమ ప్రతిభను చాటుకోవడం జరిగింది."

"నిన్నటి రోజున" అంటే నిన్న. "నిర్వహించబడిన విజ్ఞాన ప్రదర్శన కార్యక్రమంలో" అంటే సైన్స్ ఫెయిర్‌లో. "చాటుకోవడం జరిగింది" అంటే చాటుకున్నారు. "జరిగింది" అన్న తోక కార్యాలయాల నివేదికల నుంచి మన రాతలోకి వచ్చి స్థిరపడింది. దాన్ని తీసేస్తే ఏ వాక్యానికీ నష్టం లేదు, పని చేసిన మనిషి ముందుకు వస్తాడు. ఇవన్నీ తగ్గించాక మిగిలేది "నిన్న మా బడి సైన్స్ ఫెయిర్‌లో పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు" అన్న వాక్యం. పొట్టిగానే ఉంది, కానీ చదివినవారికి కొత్తగా తెలిసిందేమిటి? రాష్ట్రంలో ఏ బడి గురించైనా ఈ మాట రాయవచ్చు.

మీ ఉత్తరం చివర, సంతకం పైన, ఒక మాట రాశారు. ఏడో తరగతి అమ్మాయి ఒకరు ప్లాస్టిక్ సీసా కోసి, స్కేలు అతికించి, వానమాపకం తయారు చేసిందని, ఆ సాయంత్రమే వాన పడిందని. పోస్టు అదే.

"ఏడో తరగతి అమ్మాయి నీళ్ళ సీసా కోసి, స్కేలు అతికించి వానమాపకం చేసింది. నిన్న సైన్స్ ఫెయిర్ అయిన గంటకే వాన వచ్చింది. పిల్లలంతా సీసా చుట్టూ చేరారు. 14 మిల్లీమీటర్లు."

ఇది ఎక్స్ హద్దులో హాయిగా సరిపోతుంది. వాన కొలత మాత్రం నేను ఊహించి వేసిన అంకె, మీ సీసా చూపించినది వేయండి. చిన్న పోస్టులో పొదుపు అంటే మాటల్ని నొక్కి ఇరికించడం కాదు, చెప్పదలచిన వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని మిగతావి రేపటికి వదలడం. మిగతా ప్రదర్శనల గురించి వారం రోజులు వరుసగా రాయండి, రోజుకొకటి. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. చేతులూ సీసా కనిపించే ఫొటో అయినా ఈ పోస్టుకు చాలు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా కుర్రాళ్ళం కొందరం వాట్సాప్ గ్రూపుల్లో సహాయం కోసం వచ్చే పోస్టులు చూసి, పడవలవారికి చేరవేసేవాళ్ళం. సగం పోస్టులు ఎక్కడివో, ఎప్పటివో తెలిసేది కాదు. అలాంటి సమయంలో పోస్టు ఎలా రాయాలో వివరంగా చెప్పండి. రక్తం కావాలన్న పోస్టుల విషయంలోనూ ఇదే ఇబ్బంది పడుతున్నాం.
— ఒక యువకుడు, అజిత్ సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ఈ సంచికకు వచ్చిన ప్రశ్నలన్నింటిలో ఇది ముఖ్యమైనది. మిగతా పోస్టుల్లో తప్పు రాస్తే లైకులు తగ్గుతాయి, ఇక్కడ మనుషులకు ఆలస్యమవుతుంది.

మొదటి సంగతి కాలం. "ఈ రోజు", "రేపు", "ఇప్పుడే", "గంట నుంచి" అన్న మాటలు ఆపద పోస్టుల్లో వాడకండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన సందేశం మీద, ఫార్వర్డ్ అయిన సమయమే కనిపిస్తుంది తప్ప మొదట రాసిన సమయం కనిపించదు. ఆదివారం రాసిన "రేపు" మంగళవారం చదివినవారికి బుధవారం అవుతుంది. తేదీ, గంట అంకెల్లో రాయండి. రెండో సంగతి చోటు. మీ పేట మీకు తెలుసు, పడవ నడిపేవారికి తెలియకపోవచ్చు. వీధి పేరు బోర్డు నీట మునిగి ఉంటుంది కనుక, నీటి పైన కనిపించే గుర్తు చెప్పాలి: వాటర్ ట్యాంకు, గుడి గోపురం, మసీదు మినారు, సెల్ టవరు, మేడ రంగు. ఫోన్‌లో లొకేషన్ పంపే వీలుంటే దాన్ని జత చేయండి, కానీ మాటల్లో కూడా రాయండి. లొకేషన్ లింకు తెరవడానికి నెట్ కావాలి, మాటలు ఫోన్లో కూడా చదివి చెప్పవచ్చు. మూడో సంగతి అవసరం. "సహాయం చేయండి" అంటే ఏం తీసుకురావాలో తెలియదు.

"1-9-2024, సాయంత్రం 4.10. అజిత్ సింగ్ నగర్, ఫలానా వీధి, పసుపు రంగు మూడంతస్తుల మేడ, పక్కన సెల్ టవరు. రెండో అంతస్తులో 8 మంది. ఒకరు ఎనిమిదో నెల గర్భిణి, ఆమెను ముందు తరలించాలి. తాగునీరు అయిపోయింది. సంప్రదించవలసిన నంబరు: ఫలానా."

ఇదొక నమూనా. సహాయం అందిన మరుక్షణం అదే పోస్టు కింద "సాయంత్రం 6.30కి తరలించారు, ఇక అవసరం లేదు" అని రాయాలి. ఈ ముగింపు వాక్యం రాయకపోవడం వల్లనే ఖాళీ మేడ చుట్టూ పడవలు తిరుగుతాయి, అదే సమయంలో పక్క వీధిలో నిజంగా ఎదురు చూసేవారు ఉంటారు. పోస్టు పెట్టడంతో ఆగకుండా అత్యవసర సేవల నంబరు 112కు ఫోన్ చేయడం కూడా చేయాలి.

ఇక తెలుగు వాక్యానికే ఉన్న ఒక చిక్కు చెప్పాలి. మన భాషలో క్రియ చివర వస్తుంది, అవునా కాదా అన్నది ఆ క్రియలోనే తేలుతుంది. ఫోన్ తెర మీద మొదటి రెండు వరుసలే కనిపించి, "ఇంకా చదవండి" దగ్గర తెగిపోతే, తెగిపోయేది సరిగ్గా ఆ క్రియే. "ఫలానా కట్ట తెగిందని, ప్రజలు వెంటనే ఇళ్ళు ఖాళీ చేయాలని అధికారులు హెచ్చరించారంటూ తిరుగుతున్న సందేశంలో నిజం లేదు" అన్న వాక్యాన్ని ఊహించండి. నోటిఫికేషన్‌లో సగం చదివినవారు మూటా ముల్లే సర్దుకుని రోడ్డు మీదికి వస్తారు. దీన్ని "కట్ట భద్రంగా ఉంది. తెగిందన్న ప్రచారం అబద్ధం" అని మొదలుపెట్టాలి. నిజాన్ని ముందు, చిన్న వాక్యంలో, క్రియతో సహా పూర్తి చేసి, వదంతి ప్రస్తావన తరువాత పెట్టాలి. పరీక్ష వాయిదా, రైలు రద్దు, కరెంటు కోత వంటి ప్రకటనలన్నింటికీ ఇదే పద్ధతి. పొడవైన తెలుగు వాక్యం పుస్తకంలో అందంగా ఉంటుంది. ఆపద వేళ తెర మీద దానికి చోటు లేదు.

రక్తం పోస్టుకు కావలసినవి కొద్దే: గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రి, ఏ తేదీ ఏ గంటలోపు, రోగి తరఫున ఒకరి నంబరు. రోగి జబ్బు, ఫొటో, కుటుంబ కష్టాలు అవసరం లేదు. అవి రక్తదాతకు పనికిరావు, రోగికి తరువాత ఇబ్బంది తెస్తాయి. గ్రూపును "బి పాజిటివ్" అని మాటల్లో కూడా రాయండి. నంబరు ఎవరిదో వారిని అడిగే రాయాలి. ముగింపు వాక్యం లేని పోస్టు తిరుగుతూనే ఉంటుంది, అవసరం తీరిపోయిన చాలా కాలం తరువాత కూడా ఆ మనిషికి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒక హెచ్చరిక: పోస్టు చూసి ఫోన్ చేసి, "దాతను పంపుతాం, ముందు ప్రయాణ ఖర్చులు వేయండి" అనేవారు ఉంటారు. వేయకండి. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు 1996 తీర్పు తరువాత మన దేశంలో నిషేధించారు. డబ్బు పోతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. రక్తనిధుల్లో నిల్వ వివరాలు ప్రభుత్వ ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో ఉంటాయి కనుక, పోస్టు పెట్టే ముందు అక్కడ చూడడం మంచిది.

ప్రశ్న: మా సాహిత్య సంస్థ సభల ఆహ్వానాన్ని చక్కటి రంగుల పోస్టరుగా చేయించి ఫేస్‌బుక్‌లో పెడతాం. చూసినవారు చూడనట్టే ఉంటున్నారు. లోపం ఎక్కడుంది?
— ఒక కార్యదర్శి, కరీంనగర్

జవాబు: పోస్టరు బొమ్మ. అందులోని అక్షరాలు కూడా బొమ్మలోని భాగమే. వెతికేవారికి అవి సులువుగా దొరకవు, తేదీని కాపీ చేసుకోవడం తేలిక కాదు, చూపు లేనివారి ఫోన్ వాటిని చదివి వినిపించలేకపోవచ్చు. అధ్యక్షులు, ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు అందరి ఫొటోలూ చేరాక, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో మిగులుతుంది. పోస్టరు ఉంచండి, కానీ దాని పైన తేదీ, సమయం, స్థలం, ఎవరు ఏ విషయం మీద మాట్లాడతారు అన్న నాలుగు సంగతులు యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. డీటీపీవారు పాత ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమని వారినే అడగండి, మార్చే పరికరాలు ఉన్నాయి. ఫొటోకు వివరణ చేర్చే సదుపాయం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ మూడింటిలోనూ ఉంది. అక్కడ కూడా ఒక వాక్యం రాయండి. వక్త మాట్లాడబోయే విషయాన్ని ఒక ప్రశ్నగా రాస్తే, అతిథుల పేర్ల కంటే అదే జనాన్ని రప్పిస్తుంది.

ప్రశ్న: మేం ఇక్కడ పిల్లలకు తెలుగు నేర్పే చిన్న బృందం నడుపుతున్నాం. తల్లిదండ్రుల్లో కొందరు తెలుగు చదవగలరు, పిల్లల్లో చాలామంది చదవలేరు, మాట్లాడతారు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం తప్పా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తప్పని అనను. అమ్మమ్మకు తెలుగు టైపు చేయడం రాదు, మనవడికి చదవడం రాదు, ఇద్దరూ ఆ లిపిలో కలుసుకుంటున్నారు, అది మంచి సంగతే. అయితే బృందం తరఫున పెట్టే పోస్టుకు అది సరిపోదు. ఇంగ్లిష్ అక్షరాల్లో "కళ్ళు", "కల్లు" ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కనుక వెతికితే దొరకదు. ఫోన్ పైకి చదివితే వినలేం.

మీ పోస్టులో మొదటి వాక్యం తెలుగు లిపిలో, చిన్నదిగా, పిల్లలు కూడబలుక్కుని చదవగలిగేలా ఉంచండి: "ఆదివారం మామిడి పండు పాట పాడుదాం." ఒత్తులు లేని మాటలు ఎంచుకుంటే ఇంకా మంచిది. దాని కింద తేదీ, సమయం, చిరునామా వంటి వివరాలు ఇంగ్లిష్‌లో ఇవ్వండి, అక్కడ ఎవరూ పొరబడకూడదు కదా. అదే విషయాన్ని మూడోసారి ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో రాయనవసరం లేదు. టైపు చేయడం కష్టమనుకునే తల్లిదండ్రులకు ఫోన్ కీబోర్డులో తెలుగు మాట్లాడి రాయించే పద్ధతి చూపించండి. వచ్చినదాన్ని ఒకసారి చదివి దిద్దుకోవాలి, ముఖ్యంగా దీర్ఘాలనూ ఒత్తులనూ. ఆన్‌లైన్ తరగతికి ఇండియాలోని తాతయ్యలను కూడా పిలుస్తుంటే రెండు చోట్ల సమయాలూ రాయండి. డాలస్‌కూ మనకూ తేడా ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు. మార్చిలోనూ నవంబరులోనూ గడియారాలు మారే వారం దీన్ని గుర్తు చేస్తూ ఒక పోస్టు పెట్టాలి.

ప్రశ్న: మూత లేని మ్యాన్‌హోల్ వంటి మా వీధి సమస్యల మీద సంబంధిత కార్యాలయాన్ని ట్యాగ్ చేస్తూ ఎన్నో పోస్టులు పెట్టాను. మంత్రుల దగ్గరినుంచి వార్తా చానళ్ళదాకా అందరినీ ట్యాగ్ చేస్తాను. కడుపుమంట కొద్దీ గట్టిగానే రాస్తాను. ఒక్కరూ పలకరు.
— ఒక విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ మీ పోస్టు చదివే మొదటి మనిషి మంత్రి కాదు, ఆ ఖాతా చూసే చిన్న ఉద్యోగి. అతను మీ పోస్టును మరొక విభాగానికి పంపాలి, పంపడానికి వీధి పేరు కావాలి, సమస్య ఏమిటో కావాలి, ఫిర్యాదు నంబరు కావాలి. "ఈ అసమర్థులకు సిగ్గుందా?" అన్న వాక్యాన్ని అతను ఎవరికి పంపగలడు? మీరు పంపిన పోస్టులో తిట్లు మూడు వాక్యాలు, మ్యాన్‌హోల్ ఒక్క మాట. దాన్ని తిరగేసి చూడండి.

"హనుమకొండ, ఫలానా కాలనీ, రెండో వీధి, బడి గేటు ముందు మ్యాన్‌హోల్‌కు మూత లేదు. జూన్ 12 నుంచి ఇలాగే ఉంది. 14న ఫిర్యాదు చేశాం, నంబరు ఫలానా. ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లలు ఈ దారినే వెళ్తారు. మూత వేసేలోగా ఈ రోజే చుట్టూ అడ్డం పెట్టించండి."

తిట్టు లేకపోయినా ఈ పోస్టులో బలం తగ్గలేదు. ఎనిమిదిన్నర అన్న ఒక్క అంకె చదివినవారి మనసులో పిల్లల్ని నడిపిస్తుంది. చివరి వాక్యం వెంటనే చేయగలిగిన చిన్న పని అడుగుతోంది కనుక, "నిధులు లేవు" అని తప్పించుకోవడం కుదరదు. ఫొటోలో గుంత ఒక్కటే కాకుండా వెనుక బడి బోర్డు కూడా కనిపించాలి. ఏ ఊరిదో తెలియని గుంత ఫొటో ఎవరినీ కదిలించదు. ట్యాగ్ ఒక్కటే, ఆ పని చేయవలసిన కార్యాలయానిది, పెట్టండి. పదిమందిని ట్యాగ్ చేస్తే ప్రతివారూ ఇది తక్కిన తొమ్మిదిమంది పని అనుకుంటారు. వారం గడిచినా స్పందన లేకపోతే కొత్త పోస్టు రాయకుండా, పాతదాని కిందే "ఏడో రోజు, మూత లేదు" అని జోడించండి, చరిత్ర అంతా ఒకేచోట కనిపిస్తుంది. పని జరిగితే అదే చోట ఫొటో పెట్టి, చేసినవారికి కృతజ్ఞత చెప్పండి. రేపు మరో సమస్య వచ్చినప్పుడు మీ పేరు చూడగానే వారు తెరిచి చదువుతారు.

చట్టం సంగతి కూడా ఒక మాట. ఇంటర్నెట్ రాతలకు జైలుశిక్ష విధించే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది. కానీ పరువునష్టం నేరంగానే కొనసాగుతోంది, 2024 జూలై 1 నుంచి అది, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. పని జరగలేదని రాయడం మీ హక్కు. ఆధారం లేకుండా ఫలానా అధికారి డబ్బు తిన్నాడని పేరు పెట్టి రాస్తే మ్యాన్‌హోల్ పక్కకు పోయి మీరే కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

ప్రశ్న: హ్యాష్‌ట్యాగులు, ఎమోజీలు ఎన్ని పెట్టాలి?
— ఒక డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: హ్యాష్‌ట్యాగ్ 2007 ఆగస్టులో ట్విటర్ వాడుకరి ఒకరు చేసిన సూచన. ఒకే విషయం మీద మాట్లాడుకునేవారు ఒకరినొకరు కనుక్కోవడానికి పుట్టింది. ఆ పని చేసేది ఒకటో రెండో ఉంటే చాలు. మీ ఊరి పేరు ఒకటి, విషయం ఒకటి. తెలుగులో కూడా పెట్టవచ్చు, మధ్యలో ఖాళీ వదిలితే అక్కడికే తెగిపోతుంది. ఎమోజీని వాక్యం చివర పెట్టండి, మాట స్థానంలో పెట్టకండి. ఫోన్ చదివి వినిపించేటప్పుడు ప్రతి బొమ్మ పేరూ పలుకుతుంది కనుక, వరుసగా పది దండాలు పెడితే వినేవారు పదిసార్లు అదే వినాలి.

ప్రశ్న: ఊళ్ళో ఎవరైనా పోయినప్పుడు గ్రూపులో ఏం రాయాలో తోచదు. అందరూ ఒకే బొమ్మ, ఒకే మాట పెడుతుంటారు.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు, ఆ వార్త కుటుంబం చెప్పిందా లేదా చూసుకోండి. దూరాన ఉన్న కూతురికి తండ్రి మరణం గ్రూపు ద్వారా తెలియకూడదు. కుటుంబం ప్రకటించాక, పోయినవారి గురించి మీకు స్వయంగా తెలిసిన ఒక్క సంగతి రాయండి: "మాస్టారు నాకు త్రికోణమితి చెప్పారు. ఫీజు కట్టలేని రోజుల్లో కూడా క్లాసుకు రమ్మనేవారు." "మాటలు రావడం లేదు", "తీరని లోటు" అన్నవి రాయనవసరం లేదు. అంత దగ్గరి పరిచయం లేకపోతే "మీ దుఃఖంలో మేమూ ఉన్నాం" అన్న ఒక్క వాక్యం మర్యాదగా సరిపోతుంది. అంత్యక్రియల సమయం, స్థలం మాత్రం ఒక్కరే, కుటుంబాన్ని అడిగి, విడిగా రాయాలి. సంతాప సందేశాల మధ్య అది కలిసిపోతే వెళ్ళవలసినవారికి అందదు.

ప్రశ్న: తప్పు సమాచారం పోస్టు చేశానని తరువాత తెలిస్తే, చెరిపేయాలా, సరిదిద్దాలా?
— ఒక ఆశా కార్యకర్త, ఖమ్మం జిల్లా

జవాబు: ఎవరూ చూడకముందే అయితే చెరిపేయండి. వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాలలోపు సవరించవచ్చు, సుమారు రెండు రోజులదాకా అందరికీ కనిపించకుండా తొలగించవచ్చు. కానీ ఒక్కరు ముందుకు పంపినా, మీరు చెరిపింది మీ గ్రూపులోనే పోతుంది, వారి దగ్గర ఉండిపోతుంది. టీకా తేదీ, శిబిరం చోటు వంటివి తప్పు వెళ్ళినప్పుడు చెరపడం ఒక్కటే చాలదు. "టీకాల శిబిరం 18న, గురువారం, ఉప కేంద్రంలో. 17 అని ముందు పంపినది తప్పు, దయచేసి ఇది పంపండి" అని కొత్త సందేశం ఇవ్వండి. సరైన తేదీ ముందు రావాలి, తప్పు తేదీ తరువాత. తేదీతో పాటు వారం కూడా రాయడం వల్ల అంకెలో పొరపాటు దొర్లినా చదివినవారు పట్టుకుంటారు. ఆ సందేశాన్ని మొదటిది వెళ్ళిన ప్రతి గ్రూపుకూ మీరే పంపండి, చదువురానివారి కోసం అదే మాటను మీ గొంతుతో అర నిమిషం వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి. మీ ఊళ్ళో తల్లులకు మీ గొంతు తెలుసు కనుక, ఎవరో రాసిన అక్షరాల కంటే దాన్నే ముందు నమ్ముతారు.